రాసినట్టు పాడవలెను

మా విశ్వవిద్యాలయంలో సంగీతం వినడానికి ఒక డిప్లొమా ఉంది. పాడడానికి కాదండోయ్, వినడానికి. ఈ మాట చెప్పగానే మా నాన్న ముందు నా చెవుల వంక చూశాడు, తరవాత మా అమ్మ వంక చూశాడు.

"చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. లోకువైపోవడానికి కూడా కాలేజీ కావాలా ఈశ్వరీ?"

వినడమే కాదు నాన్నా, విన్నదాని గురించి రాయడం కూడా నేర్పుతారు, పాసైతే విశాఖలో ఒక పత్రిక వాళ్లు కళల పేజీకి తీసుకుంటామన్నారు అని చెప్పాను. ఉద్యోగం మాట వచ్చేసరికి ఆయన మెత్తబడ్డాడు. కానీ ఊరికే ఒప్పుకుంటే మా నాన్న ఎందుకవుతాడు? ఒక్క ఏడాది గడువు. పాసైతే పత్రిక, తప్పితే బి.ఎడ్. మా వీధిలో పెళ్లి కాని పిల్ల ఉండొచ్చు గాని, బి.ఎడ్. చెయ్యని పిల్ల ఉండకూడదు.

మాకు పాఠం చెప్పే చయనులు మేష్టారు మొదటి రోజు క్లాసులోకి వచ్చి, బోర్డు మీద ఏమీ రాయకుండా కుర్చీలో కూర్చున్నారు. "వినండర్రా. నచ్చితే ఎందుకు నచ్చిందో రాయండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాయండి. అయిపోయింది సిలబస్" అన్నారు. ఎంత సుఖంగా ఉందో అనుకున్నాను. సుఖంగా ఉన్నది ఏదీ ఆఫీసు దాకా వెళ్లకూడదని నాకప్పుడు తెలీదు.

మొదటి కచేరీ జోగారావు గారిది. ఆయన ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరై, ఆ తరవాత సంగీతం మొదలుపెట్టారు. నేను విన్నాను, రాశాను. "రెండో కీర్తనలో జోగారావు గారు శ్రుతిని ఇంట్లో వదిలేసి ఒంటరిగా బయల్దేరారు. ఆయన్ని వెతుక్కుంటూ వయొలిన్ వెళ్లింది. ఇద్దర్నీ వెతుక్కుంటూ మృదంగం వెళ్లింది. దేవుడి దయవల్ల ముగ్గురూ మంగళంలో కలుసుకున్నారు." మేష్టారు చదివి పడీ పడీ నవ్వి, దాన్ని డిపార్టుమెంటు గోడ మీద అంటించారు. జోగారావు గారు మా వైస్ ఛాన్సలర్ గారి తోడల్లుడని మా ఇద్దరికీ తెలిస్తే ఒట్టు.

వీసీ గారు మీటింగు పెట్టారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన సంస్కరణ మొదలుపెట్టారు.

"నేను వ్యక్తుల జోలికి పోను. వ్యవస్థాగత లోపాన్ని గుర్తించడమే నా కర్తవ్యం" అన్నారు గంభీరంగా. "పరిశీలించగా తేలిందేమిటంటే, ఇక్కడ కచేరీ ముందు జరుగుతోంది, సమీక్ష తరవాత వస్తోంది. ఇదెక్కడి క్రమం? ఇల్లు కట్టకముందే ప్లానుకి ఆమోదం తీసుకుంటాం. ఖర్చు పెట్టకముందే బడ్జెట్ వేసుకుంటాం. ఒక్క సంగీతంలోనే ఎవడికి తోచింది వాడు పాడెయ్యడం, ఎవరికి తోచింది వాళ్లు రాసెయ్యడం! ఈ అరాచకానికి నేటితో స్వస్తి."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఇకమీదట సమీక్షలన్నియు కచేరీకి ముందుగానే వ్రాసి, వైస్ ఛాన్సలర్ అధ్యక్షతన గల అధికారుల సంఘముచే ఆమోదింపజేసుకొనవలెను. కచేరీ ఆమోదిత సమీక్షకు అనుగుణముగా జరుగవలెను. రెండింటికిని నూటికి తొంభై పాళ్లు పొంతన కుదరనిచో, సదరు సమీక్ష వ్రాసిన విద్యార్థి అనుత్తీర్ణుడగును."

"పొంతనేవిటండీ, ఇదేమన్నా పెళ్లిచూపులా?" అన్నారు మేష్టారు. "పాడేవాడు ఇంకోలా పాడితే, రాసిన పిల్ల ఫెయిలవడమేమిటి?"

"బాధ్యతాయుత సమీక్ష అంటే అదే మరి" అన్నారు వీసీ గారు.

తరవాతి కచేరీ విశాలాక్షి గారిది. ఆవిడ పెద్ద విద్వాంసురాలు, మా ఊళ్లోనే ఉంటారు. ఆ కచేరీకి ముందస్తు సమీక్ష రాసే వంతు నాకొచ్చింది. దాని పొంతన మీదే నా డిప్లొమా. ఒళ్లు మండిపోయింది నాకు. వినకుండా ఏం రాస్తారండీ ఎవరైనా? సరే, మీకు కావలసింది ఇదే కదా అని, నేను పుట్టక ముందు నుంచీ అందరూ రాస్తున్న ముక్కలన్నీ ఏరి ఒకచోట పోశాను.

"విదుషీమణి విశాలాక్షి గారి గాత్ర కచేరీ వీనుల విందుగా సాగింది. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దంలో కల్యాణి రాగం ఆలపించారు. శ్రోతలు మంత్రముగ్ధులై కుర్చీలకు అతుక్కుపోయారు. కాలం ఎవరికీ తెలియలేదు. ఆసాంతం తాళం వేశారు. ఇటువంటి కచేరీ నభూతో నభవిష్యతి."

ఇది వెటకారమని పసిపిల్లవాడికైనా తెలుస్తుందనుకున్నాను. సంఘంలో పసిపిల్లవాడు లేడు.

"ఇదీ సమీక్ష అంటే!" అన్నారు వీసీ గారు. "ఒక్క వివాదాస్పద అంశం లేదు. యథాతథంగా ఆమోదిస్తున్నాం. ఇక అమలు సంగతి చూడండి."

అమలు అంటే ఏమిటో, నన్నూ పిలిపించి కూర్చోబెట్టిన ఆ మీటింగు గదిలోనే నాకు తెలిసొచ్చింది. ముందుగా మెస్సు సూపర్నెంటు అప్పలకొండ గారు లేచారు.

"అమ్మా, ఈ వీనుగారు ఎవులు? ఆరి విందు ఎంతమందికి?"

"వీనులంటే చెవులండీ" అన్నాను.

"సెవులికి విందేటమ్మా?"

"మాట వరసకి అంటారండీ అలాగ."

"మాట వరసకి సంతకాలు సేత్తారేటి? విందని రాసుంది, విందెట్టాల. బూరెలా, గారెలా, అది సెప్పండి."

వీసీ గారు బూరెలన్నారు. సూది సంగతి స్టోర్సు వాళ్లకి అప్పగించారు. వాళ్లు గోనె సంచులు కుట్టే దబ్బనం చాలా, బట్టలు కుట్టే సూదే కావాలా అని లిఖితపూర్వకంగా అడిగారు. తరవాత ఎస్టేట్ ఆఫీసరు దాలినాయుడు గారు కాగితం కళ్లద్దాలకి దగ్గరగా పెట్టుకుని చదివారు. హాలు, గేట్లు, కుర్చీలు అన్నీ ఆయన చేతి కిందే ఉంటాయి.

"అతుక్కుపోవడం అంటే వార్నీషు తప్ప మార్గం లేదండి. కచేరీ రోజు పొద్దున్నే కొట్టిస్తాను. కాలం తెలియకూడదు కాబట్టి గోడ గడియారం దింపిస్తాను, చేతి గడియారాలూ ఫోన్లూ గుమ్మం దగ్గర తీసేసుకుంటాం." ఇంకో వాక్యం చదివేసరికి ఆయన మొహం చింకి చాటంత అయింది. "ఆసాంతం తాళం వేశారు... ఇది మా డిపార్టుమెంటు పనే కదండీ!"

"అయ్యా, తాళం అంటే చేత్తో..." అని నేను తొడ మీద చరిచి చూపించబోయాను.

"తరవాతి అంశం" అన్నారు వీసీ గారు.

చివరగా ఫైనాన్స్ ఆఫీసరు గారు గొంతు సవరించుకున్నారు. "నభవిష్యతి అంటే భవిష్యత్తులో ఉండదనే కదా? అయితే వచ్చే ఏడాది కచేరీల పద్దు కొట్టేస్తున్నాను."

"అయ్యో సార్, అది పొగడ్త!"

"పొగడ్తకి పద్దు లేదమ్మా" అని కొట్టేశారు.

సరే సంబడం! నా రాత నా మెడకే చుట్టుకుంది. ఎగతాళిగా రాసిందే అయినా, ఇప్పుడు అది అక్షరాలా జరక్కపోతే నేను బి.ఎడ్. పాలు. వాళ్ల వంతు పనులు వాళ్లు చూసుకుంటున్నారు, మిగిలింది కల్యాణి రాగం. దాని కోసం నేనే విశాలాక్షి గారింటికి వెళ్లాను. సిగ్గుచేటు కాదూ? కానీ వెళ్లాను.

ఆవిడ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. నన్నూ కూర్చోమని, నా ముందు కూడా నాలుగు గుప్పిళ్లు పోశారు.

"అమ్మా, మీరు ఆ రోజు కల్యాణి పాడాలండీ."

"గొంతెలా ఉంటుందో పొద్దున్న లేస్తే గాని తెలీదు, రాగం ఇప్పుడెలా చెప్పనే?"

"రాసేశారమ్మా."

"ఎవరు?"

"నేనే."

ఆవిడ చెయ్యి ఆగింది. "అయితే నేను పాడేశానా? ఎలా పాడాను?"

"నభూతో నభవిష్యతి అమ్మా."

"ఓసి నీ అసాధ్యం కూలా! అంత బాగా పాడేశాక మళ్లీ రావడం దేనికే? ఇంట్లో పడుకుంటాను." నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. నేను నవ్వలేకపోయాను. బి.ఎడ్. గురించీ, మా నాన్న గురించీ అంతా చెప్పేశాను. అంతా విని, "సర్లే, కల్యాణేగా, పాడతాను" అన్నారు. నేను లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచారు. "పిల్లా, నువ్వెప్పుడైనా పాట విన్నావా?"

"డిప్లొమా చేస్తున్నానమ్మా."

"నేనడిగింది అది కాదు" అని మళ్లీ చిక్కుడుకాయల మీద పడ్డారు.

కచేరీ నాటికి రోళ్లు పగిలే ఎండలు. మధ్యాహ్నం వేళ హాలు కిటికీలకి నల్ల తెరలు దింపి, ఫ్యాన్లు వేసి, అందర్నీ లోపల కూర్చోబెట్టారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉండిపోయారు. గడియారాలూ ఫోన్లూ గోనె సంచిలో వేసి పట్టుకుపోయారు. వీసీ గారు ముందు వరసలో, పక్కనే జోగారావు గారు, వాళ్ల వెనక నేను. వీసీ గారి చేతిలో ఆమోదిత సమీక్ష, ఎర్ర పెన్ను.

విశాలాక్షి గారు మైకు ముందు కూర్చుని కల్యాణి అందుకున్నారు. వీసీ గారు టిక్కు పెట్టారు. స్టోర్సు గుమాస్తా వేదిక పక్కన సూది పడేశాడు. వినిపించలేదు. వీసీ గారు కనుబొమలు ముడిచారు. అతను దాన్ని వెతికి తీసి, మైకు దగ్గరికి తెచ్చి మళ్లీ పడేశాడు. హాలంతా ఠంగుమంది. టిక్కు. ఆవిడ కళ్లు తెరిచి సూదినీ, అతన్నీ చూసి, పాడుతూనే ఉన్నారు. అంతలో బయట గొళ్లెం పడి, తాళంకప్ప క్లిక్కుమన్న శబ్దం వినపడింది. దాలినాయుడు గారు తాళం వేశారు. టిక్కు.

నాకు పాట ఒక్క ముక్క వినపడలేదు. ఇంకా ఎన్ని టిక్కులు పడాలా అని వీసీ గారి భుజం మీదుగా చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు కరెంటు పోయింది.

మైకు చచ్చిపోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి, చిమ్మచీకటి. "తలుపులు తియ్యండి!" అని ఎవరో అరిచారు. తలుపుకి తాళం. తాళంచెవి దాలినాయుడు గారి జేబులో, దాలినాయుడు గారు మెస్సులో బూరెల దగ్గర. ఫోను చేద్దామంటే ఫోన్లు గోనె సంచిలో. లేద్దామంటే వార్నీషు. "ఇది ఆమోదిత సమీక్షలో లేదు!" అని వీసీ గారు చీకట్లో గట్టిగా ప్రకటించారు. కరెంటుకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

"అరవకండర్రా, గాలి ఖర్చయిపోతుంది" అంది విశాలాక్షి గారి గొంతు, చీకట్లోంచి. "ఎలాగూ వెళ్లలేరుగా. ఇప్పుడు పాడతాను, వినండి."

తంబూరా మళ్లీ మొదలైంది. మైకు లేకపోవడంతో మృదంగం ఆయన వేళ్ల కొసలతో వాయించాడు. ఆవిడ ఎత్తుకున్నది కల్యాణి కాదు. ముఖారి అని తరవాత మేష్టారు చెప్పారు, నాకు అప్పుడు పేరు కావలసి రాలేదు. గొంతు పెద్దది కాదు, చివర్న కొంచెం బొంగురు. ఆ బొంగురు కూడా వినాలని అందరం ముందుకి వంగాం, కుర్చీలతో సహా. రెండో చరణంలో ఆవిడ మాట మరిచిపోయారు. ఆగి, చిన్నగా నవ్వి, "ఉండండి, వస్తుంది" అన్నారు. మాట వచ్చింది. వచ్చాక ఆ మాట మొదటిసారి ఎవరో నాతోనే చెబుతున్నట్టుగా అనిపించింది. ఏడుపొచ్చేసింది నాకు. ఎందుకో ఈనాటికీ తెలీదు, సిగ్గు కూడా పడను. నా ముందు వీసీ గారు జేబు రుమాలు తీశారు. జోగారావు గారు మోకాలి మీద మెల్లగా తాళం వేస్తూ, "ఓహో, ముందు నోరు మూసుకుని తంబూరా వినాలన్నమాట" అని తనలో తనే అనుకున్నారు.

బూరెలు చల్లారిపోతున్నాయని చెప్పడానికి దాలినాయుడు గారు తలుపు తీసేదాకా పాట సాగింది.

పొంతన కుదరలేదని వేరే చెప్పాలా? అయినా మర్నాడు కూర్చుని, ఎవరూ అడక్కపోయినా, నేను విన్నది రాశాను. "మైకు పోయాక విశాలాక్షి గారి గొంతు వచ్చింది. రెండో చరణంలో మాట మరిచిపోయి, నవ్వి, మళ్లీ అందుకున్నారు. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. చీకట్లో, తాళం వేసిన గదిలో, ఇన్నాళ్లకి నేను పాట విన్నాను. ఇలాంటిది ముందుగా ఎవరూ రాయలేరు." చయనులు మేష్టారు చదివి నవ్వలేదు. "ఇప్పుడొచ్చిందే నీకు" అన్నారు. అని, దాన్ని తీసుకెళ్లి వీసీ గారి బల్ల మీద పెట్టారు.

సంఘం మళ్లీ కూర్చుంది. వీసీ గారు పెద్దాయన కళ్లు తుడుచుకున్న వాక్యం రెండుసార్లు చదువుకున్నారు.

"ఉత్తమ సమీక్ష. దీనిని ఎవరూ ముందుగా రాయలేరని విద్యార్థిని స్వయంగా పేర్కొన్నందున, ఇది ముందుగా రాసినదిగానే పరిగణించి, తదుపరి కచేరీకి ఆమోదిస్తున్నాం. ఆ కచేరీతో పొంతన కుదిరితే అమ్మాయి ఉత్తీర్ణురాలు."

"పద్దు లేదు" అన్నారు ఫైనాన్స్ ఆఫీసరు గారు.

"పద్దెందుకు? పాడేది మా తోడల్లుడు గారే. ఇంటి మనిషి."

మళ్లీ అమలు. కరెంటు తీసే వేళ నిర్ణయించారు. తాళంచెవి పోగొట్టడానికి ఒక అటెండర్ని నియమించారు. వీసీ గారు ఆ సమయానికి కళ్లు తుడుచుకోవాలి కనక అప్పలకొండ గారు ఒక ఉల్లిపాయ సగానికి కోసి పొట్లం కట్టిచ్చారు. జోగారావు గారికి ముఖారి ఇచ్చి, రెండో చరణంలో మరిచిపోవలసిన మాట కింద గీత గీసి, పక్కన "నవ్వవలెను" అని రాసి పంపారు. ఆయనకి మరిచిపోవడం కొత్త కాదు, కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను. మా నాన్నకి ఫోను చేసి, పాసైనట్టే అని చెప్పేశాను కూడా.

అన్నీ అనుకున్నట్టే జరిగాయి. తాళం పడింది, కరెంటు పోయింది, తాళంచెవి క్రమపద్ధతిలో పోయింది. జోగారావు గారు చీకట్లో కాసేపు ఏమీ పాడలేదు. తంబూరా వింటూ కూర్చున్నారు. తరవాత మొదలుపెట్టారు. శ్రుతి ఇంట్లోనే ఉంది, ఈసారి ఆయనా దానితో పాటు ఇంట్లోనే ఉన్నారు. వేసవంతా ఆయన విశాలాక్షి గారి అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నారని నాకు తరవాత తెలిసింది. గొప్ప గొంతేమీ కాదు. కానీ ఒక్కో మాటా తడిమి చూసుకుని, జాగ్రత్తగా కింద పెడుతున్నట్టు పాడుతున్నారు.

రెండో చరణం వచ్చింది. ఉల్లిపాయ ఘాటు గుప్పుమంది. ఆ మాట రాబోతోంది. మరిచిపోతే నేను పత్రికలో, గుర్తుంటే బి.ఎడ్.లో. మరిచిపోవయ్యా మహానుభావా అని వెయ్యి దేవుళ్లకి మొక్కుకున్నాను. ఆయన మరిచిపోలేదు. ఆ మాట ఎక్కడుండాలో అక్కడికి, తిన్నగా, శ్రుతిలో వచ్చి కూర్చుంది.

"అన్నయ్యా, మరిచిపోండి!" అన్నారు వీసీ గారు కంగారుగా, చీకట్లోంచి. జోగారావు గారు ఆ మాటే మళ్లీ పాడారు, ఇంకా బాగా.

"ఆహా!" అని నా నోట్లోంచి వచ్చేసింది. గట్టిగానే వచ్చింది. ఆమోదిత సమీక్షలో "ఆహా" లేదు.

మరుపు కుదరలేదు, నవ్వు కుదరలేదు, అదనంగా ఒక ఆహా పడింది. ఫలితం సాయంత్రానికే అంటించారు. మా నాన్న తిట్టలేదు, బి.ఎడ్. దరఖాస్తు తెచ్చి బల్ల మీద పెట్టాడు, అంతే. తిట్టినా బాగుండును.

బి.ఎడ్. కాలేజీలో చేరే ముందు చయనులు మేష్టారికి దణ్ణం పెట్టుకుందామని వెళ్లాను. జోగారావు గారు పాడిన రోజు ఆయన ఊళ్లో లేరు.

"జోగారావు కచేరీ ఎలా ఉందే?" అన్నారు.

"బాగుంది మేష్టారూ."

"ఎందుకు బాగుంది? చెప్పు, సిలబస్సే."

"రాసినట్టు లేదండీ."